ఇంటికొక నొక్కు

అరోరా, నేపర్‌విల్ తెలుగు కుటుంబాల వారికి తెలియజేయునది ఏమనగా, కీర్తిశేషురాలు నాగమల్లేశ్వరి గారి లాప్‌టాప్ మొన్న మంగళవారం నుంచి ఆన్ కావడం లేదు.

ఈ కబురు వాట్సాప్ గ్రూపులో పడిన అరగంటలో నూట పన్నెండు సంతాప సందేశాలు వచ్చాయి. పదకొండు నెలల కిందట నాగమల్లేశ్వరి గారే పోయినప్పుడు వచ్చినవి నలభై. అందులో ఆరు ఉత్త బొటనవేళ్ళు. ఆవిడ భర్త రాఘవులు రెండుసార్లూ లెక్కపెట్టాడు. ఇలాంటివి మరిచిపోయే మనిషి కాదాయన.

ఆ లాప్‌టాప్‌లో ఏముందో తెలియని వాళ్ళు మనలో లేరు. పదకొండేళ్ళపాటు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఒకరి దగ్గర పైసా తీసుకోకుండా, ఆవిడ మనవాళ్ళ పెళ్ళి సంబంధాల జాబితా నడిపింది. పేరు, ఎత్తు, చదువు, వీసా, నక్షత్రం. ఆరో గడిలో కులం పట్టింపు. ఆ గడిలో నలభై ఏడు కుటుంబాల వాళ్ళూ ఒకే మాట రాయించారు: నో బార్. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇంత విశాల హృదయం ఒక్క ఫైలులో పట్టిన దాఖలా మరొకటి లేదు. ఆ జాబితా వల్ల జరిగిన ముప్పై ఒక్క పెళ్ళిళ్ళూ ఎవరి కులంలో వాళ్ళకే జరగడం కేవలం యాదృచ్ఛికమని పెద్దలు ఎప్పుడో తేల్చారు.

రాఘవులుకు జాబితాతో పని లేదు. నాగమల్లేశ్వరికి టైపు చేయడమంటే విసుగు. గడులు నింపాక, ఫోన్‌లో ఎవరేమన్నారో అప్పుడప్పుడు సాయంత్రం పూట లాప్‌టాప్‌కి నోటితో చెప్పి దాచుకునేది. పక్క గదిలో ఈయన టీవీ శబ్దం పెంచేవాడు. ఇప్పుడు సంవత్సరికం దగ్గర పడ్డాక చూసుకుంటే ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఫంక్షన్ల వీడియోలన్నీ ఆవిడే తీసింది కనుక ఆవిడ ఏ వీడియోలోనూ లేదు. వాటి మీద పాటలు అతికించి పంచారు కనుక మాటలూ లేవు. ఫోన్‌లోని వాయిస్ మెసేజీలు, స్టోరేజీ నిండిందన్న రోజున, ఈయనే తుడిచేశాడు. మిగిలింది ఈ లాప్‌టాప్. అది లేవడం లేదు. రాఘవులు ఒక్క ఉదయ్‌ని సలహా అడిగాడు. ఉదయ్ గ్రూపులో పెట్టాడు.

శనివారానికల్లా లాప్‌టాప్ పునరుద్ధరణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఉదయ్. ఒక పెద్ద బ్యాంకు కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా కూలిపోతే నాలుగు గంటల్లో లేపి నిలబెట్టడం ఆయన ఉద్యోగం. అవి ఇంతవరకూ కూలలేదు కనుక ఆయన సామర్థ్యం మీద ఎవరికీ అనుమానం లేదు. కార్యదర్శి రేణు, ప్రాజెక్ట్ మేనేజర్. సాంకేతిక సలహాదారు జితేందర్, క్లౌడ్ ఆర్కిటెక్ట్. ఏ వస్తువునైనా ఎవరి చేతికీ తగలని చోట దాచడంలో నిపుణుడు. రాఘవులు చదివింది ఊళ్ళో హైస్కూలు, ఆపైన ఐటిఐ. బావమరిది స్పాన్సర్ చేస్తే వచ్చి, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేస్తాడు. అందుచేత ఆయనకు టీ పెట్టే బాధ్యత అప్పగించారు.

సమావేశం ఆయన ఇంట్లోనే జరిగింది. మొదటి రెండు గంటలూ లాప్‌టాప్‌ను ఎవరూ ముట్టుకోలేదు. దాని గురించి ముప్పై నాలుగు స్లైడ్లు చూపించారు.

"ఫ్రెండ్స్, ఇది జస్ట్ ఒక లాప్‌టాప్ కాదు. ఇది మన హెరిటేజ్!" అన్నాడు ఉదయ్. "ఆంటీ లేరు. కానీ ఆంటీ డేటా ఉండాలి. మన పిల్లల ఫ్యూచర్ ఆ డిస్క్‌లో ఉంది!"

చప్పట్లు కొట్టారు. రాఘవులు టీ ట్రేలో కప్పుల పక్కన స్క్రూడ్రైవర్ పెట్టుకొచ్చాడు.

"వెనక మూత విప్పి చూద్దామా?"

"అంకుల్, ప్లీజ్. హార్డ్‌వేర్ మన స్కోప్‌లో లేదు," అంది రేణు. "ముందు అందరం ఒక మాట మీదకి రావాలి."

"వస్తే అది లేస్తుందా?"

రేణు దాన్ని ప్రశ్నల పట్టికలో రాసుకుంది. జితేందర్ మాత్రం ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు. "అంకుల్, ఆంటీ ముందే క్లౌడ్‌ల పెట్టుంటే గీ పరేషానే లేకుండె."

"పెట్టలేదుగా. ఇప్పుడేం చెయ్యాలి?"

"నెక్స్ట్ టైం పెడదాం."

ఇక బటన్ ఎప్పుడు నొక్కాలన్న చర్చ వచ్చింది. శనివారం రాహుకాలం చికాగో టైము ప్రకారం చూడాలా, ఇండియా టైము ప్రకారమా అన్న చోట సభ రెండుగా చీలింది. లాప్‌టాప్ తయారైంది చైనాలో కదా అని ఎవరో అన్నారు. దాంతో మూడైంది. చివరికి మూడు దేశాల్లోనూ దోషం లేని నలభై నిమిషాలు దొరికాయి. ఉదయ్ నొక్కాడు. లోపల టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. తెర నల్లగానే ఉండిపోయింది.

"నీ చెయ్యి మంచిది కాదేమో ఉదయ్. నేను ట్రై చేస్తా," అంది రేణు. ఆమె చెయ్యీ మంచిది కాలేదు. తన చెయ్యి మంచిదని ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు కనుక, ఎవరి మనసూ నొప్పించకుండా, ఇంటికొక నొక్కు చొప్పున కేటాయిస్తూ తీర్మానం చేశారు. మరునాటి నుంచి మూడు రోజులు కార్లు వరసగా వచ్చాయి. కొందరు చెప్పులు విడిచి నొక్కారు. కొందరు పిల్లల చేత నొక్కించారు. ఒకావిడ పులిహోర పెట్టి నొక్కింది. నొక్కిన ప్రతిసారీ లోపల ఏదో గీరుకుంటున్న చప్పుడు. యంత్రాల మధ్య పాతికేళ్ళు గడిపిన రాఘవులుకు ఆ చప్పుడు పళ్ళు పీకుతున్నట్టుంది.

"ఆపండయ్యా! లోపల చచ్చిపోతోందది."

"మా టర్న్ ఇంకా రాలేదు అంకుల్," అన్నారు వరసలో వాళ్ళు.

నలభై ఏడో నొక్కుతో కార్యక్రమం జయప్రదంగా ముగిసింది. సంఘం సమీక్షలో, బాగా జరిగిన వాటి కింద హాజరు, ఐకమత్యం, పులిహోర అని నమోదయ్యాయి. లాప్‌టాప్ సంగతి ఇతరములు అన్న శీర్షిక కిందకి వచ్చింది.

మరునాడు రాఘవులు ఎవరితోనూ చెప్పకుండా దాన్ని తువ్వాల్లో చుట్టి నైనిక దగ్గరికి తీసుకెళ్ళాడు.

నైనిక గురించి గ్రూపులో మాట్లాడరు. ఇక్కడే పుట్టిన పిల్ల. మెడిసిన్ రెండో ఏడు మానేసి, అరోరాలో లాండ్రీకీ పిజ్జా కొట్టుకీ మధ్య ఒక గదిలో, చెడిపోయిన డిస్కుల్లోంచి డేటా తీసే షాపు పెట్టింది. ఆస్పత్రుల వాళ్ళు, లాయర్లు ఆమె దగ్గరికి వస్తారు. మనవాళ్ళలో కంప్యూటర్లు తెలిసినవాళ్ళు ఎవరని లెక్క తీసినప్పుడు నూట ఎనభై పేర్లు తేలాయి. అందులో ఈమె పేరు లేదు. స్క్రూలు తిప్పుతుంది కనుక.

నైనిక మూత విప్పింది. చెవి దగ్గర పెట్టుకుంది. ముఖం మాడ్చుకుంది.

"అంకుల్, ఎన్నిసార్లు ఆన్ చేశారు దీన్ని?"

"నలభై ఏడు."

"వై?!"

"ఇంటికొకటి."

నైనిక ఇంగ్లీషులో ఏదో గొణిగింది. తర్వాత మెల్లగా చెప్పింది. "డిస్క్ చచ్చిపోతుంది అంకుల్. ప్రతిసారి లోపల స్క్రాచ్ అయింది. నేను ఒక్కసారి రీడ్ చేయగలను, మేబీ. మధ్యలో ఆగిపోతే ఫినిష్. మీకు ఏది ఫస్ట్ కావాలి?"

సరిగ్గా అప్పుడే ఉదయ్ ఫోన్ చేశాడు. లాప్‌టాప్ షాపులో ఉందని వినగానే ఆయన గొంతు సభలో లాగా మారింది. "అంకుల్, లిస్ట్ ఫస్ట్! అది కమ్యూనిటీ ప్రాపర్టీ. అరవై మంది పిల్లల లైఫ్ అది. మీరు ఇలా యూనిలేటరల్‌గా డిసైడ్ చేయకూడదు. ఈ వీకెండ్ ఓటింగ్ పెడదాం."

"లాప్‌టాప్ నా పెళ్ళాంది," అని రాఘవులు ఫోన్ పెట్టేశాడు. నైనిక వైపు తిరిగాడు. "గొంతు ముందు తియ్యమ్మా."

తొమ్మిది గంటలు పట్టింది. గొంతు మొత్తం వచ్చింది. జాబితా సగంలో ఉండగా డిస్క్ ఆగిపోయింది, మళ్ళీ లేవలేదు. తెరుచుకున్న గడి ఒక్కటీ లేదు.

గ్రూపులో మౌనం పాటించారు. రాఘవులు స్వార్థపరుడని ఎవరూ రాయలేదు. ఆయన లేని గ్రూపు ఒకటి పెట్టుకుని అందులో రాసుకున్నారు.

అయినా సంవత్సరికానికి అందరూ వచ్చారు. భోజనాలు ఆయన పెడుతున్నాడు మరి. తాంబూలాలు అయ్యాక ఉదయ్ లేచి నిలబడ్డాడు. "ఆంటీ వాయిస్ అంకుల్ ఒక్కరిదే కాదు. అది మనందరి ఉమ్మడి ఆస్తి. వుయ్ మిస్ హర్. ఒక్కసారి వినిపించండి అంకుల్!"

"వద్దులే," అన్నాడు రాఘవులు. ఆయన అప్పటికే విన్నాడు.

"అయ్యో, మా ముందు మొహమాటమేంటి!" అంది రేణు.

మొహమాటం ఆయనది కాదు. సరేనని స్పీకర్ ఆన్ చేశాడు. హాలంతా నాగమల్లేశ్వరి గొంతు నిండింది.

"జితేందర్ గారి తమ్ముడు. అమ్మాయికి సిటిజన్‌షిప్ ఉండాలట. హెచ్‌వన్ వాళ్ళతో తలనొప్పి అన్నారు. ఆ మాట అన్నాయన గ్రీన్ కార్డు కోసం పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాడు పాపం."

హాలు ఘొల్లుమంది. జితేందర్ నేల వైపు చూశాడు.

"రేణు గారి అబ్బాయి. అమ్మాయి ఇండిపెండెంట్‌గా ఉండాలి, పెద్ద ఉద్యోగం చెయ్యాలి, అయిదున్నరకల్లా రొట్టెలు చెయ్యాలి. రంగు పట్టింపు లేదట. ఫొటో పంపిస్తే, లైటింగ్ బాలేదా ఆంటీ అని మూడుసార్లు అడిగింది."

ఈసారి జితేందర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఉదయ్ గారి మరదలు. నో బార్ అని రాయించారు. ఫోన్ పెట్టేసి మళ్ళీ చేశారు. నో బార్ అంటే మనలో మనకి శాఖాభేదం లేదని అర్థమట. గడిలో మాత్రం అలాగే ఉంచమన్నారు, చూడ్డానికి బాగుంటుందట."

"వినీత్ వాళ్ళ అమ్మానాన్నలకి నైనిక సంగతి చెప్పాను. బంగారం లాంటి పిల్ల. షాపా, అన్నారు. కంప్యూటర్ షాపండీ అన్నాను. షాపు షాపే అన్నారు."

గోడవార నిలబడి బూరె తింటున్న నైనిక, "ట్రూ," అంది.

అలా నాలుగు గంటల పది నిమిషాలు. లేచి వెళ్ళినవారు ఒక్కరూ లేరు. తమ ఇంటి వంతు వచ్చినప్పుడు దగ్గారు, పక్కింటి వంతు వచ్చినప్పుడు ముందుకి వంగారు. అయ్యాక ఒక్కొక్కరే రాఘవులు పక్కకి చేరి, చెవిలో అడిగారు.

"అంకుల్, మాది తీసేసి మిగతాది పంపరా?"

నలభై ఏడు ఇళ్ళ వాళ్ళూ అడిగారు. ఎవరి మాటా కాదనడం సభ్యత కాదు. రాఘవులు నైనికతో చెప్పాడు: "ఎవరిది వాళ్ళు తీసెయ్యమన్నది తీసేసి, మిగిలింది అందరికీ పంపమ్మా."

నైనిక అక్షరాలా అలాగే చేసింది. మిగిలినది పందొమ్మిది సెకన్లు. కొంచెం దగ్గు. కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత, "ఏవండీ, ఆ స్టవ్ కట్టెయ్యండి, పాలు పొంగుతాయి. వినబడుతోందా? ఈయనకి చెబితే గోడకి చెప్పినట్టే. సరే, నేనే వస్తున్నా ఉండండి."

రాఘవులు దాన్ని ఆ పూట ఎన్నిసార్లు విన్నాడో లెక్కపెట్టలేదు.

గ్రూపులో ఆదివారం మధ్యాహ్నానికల్లా కొత్త జాబితాకి ఫారం వచ్చింది. పాత గడులే. ఆరో గడి నో బార్ అని ముందే నింపి ఉంది. వివరాలు విడిగా ఫోన్‌లో చెప్పవచ్చు. పాఠకుల్లో పెళ్ళీడు పిల్లలున్నవారు కూడా పంపవచ్చునని మనవి.

ఫారం కింద రేణు పెట్టిన మెసేజీ ఉంది. దానికి నలభై ఆరు బొటనవేళ్ళు.

"అంకుల్, మీరు పంపిన ఫైల్‌లో ఏమీ లేదు. జస్ట్ ఆంటీ వాయిస్ ఉంది, అంతే."