టోపీ కింద తల

శుక్రవారం పొద్దున ఎనిడ్ పిల్లింగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోపు, తోటలోని గాజు గదిలో పెరిగిన, మారో అనే సొరజాతి కాయను తోపుడుబండిలో పెట్టుకుని ఊరి కూరగాయల ప్రదర్శన గుడారానికి చేర్చాలి. బూడిదగుమ్మడికాయంత ఉన్న ఆ కాయను భర్త ఆంబ్రోస్ మార్చి నుంచీ పసిబిడ్డలా సాకాడు. పక్కింటి సిరిల్ హాబ్డే ఆరేళ్లుగా మొదటి బహుమతి కప్పును తన కిటికీలోనే, వీధికి కనిపించేలా పెట్టుకుంటున్నాడు. ఈసారైనా అది గోడ దాటి రావాలి.

ఆంబ్రోస్ కాంకార్డ్ విమానంలో ఫ్లైట్ ఇంజనీరు. పదిన్నరకు లండన్‌లో లేచి, గడియారాల లెక్కన అంతకంటే ముందే న్యూయార్క్‌లో దిగే ఉద్యోగం. గాజు గది తాళంచెవి భార్య చేతికిచ్చి వెళ్లాలన్న సంగతి మాత్రం ఆ వేగంలో మరిచిపోయాడు. సాయంత్రం టీ వేళకు ఫోను మోగింది.

“ఎనిడ్, తాళంచెవి నా టోపీ లోపలి పట్టీలో ఉండిపోయింది.”

“సరే, రేపు సాయంత్రం తెచ్చి కప్పు పోయాక తీరిగ్గా తలుపు తియ్యి.”

“అసలు కష్టం అది కాదు. టోపీ గోడలో ఇరుక్కుంది.”

ధ్వనిని మించి పరుగెత్తేటప్పుడు ఆ విమానం వేడెక్కి జానెడు పొడుగు సాగుతుందనీ, ఆంబ్రోస్ కూర్చునే చోట మీటల పలకకూ గోడకూ మధ్య అరచేయి పట్టే సందు తెరుచుకుంటుందనీ ఎనిడ్‌కు తెలుసు. చూడవచ్చిన ప్రయాణికుల ముందు టోపీని అందులో దూర్చి చూపడం ఆయనకు సరదా. ఈసారి తియ్యడం మరిచాడు. విమానం చల్లబడి సందు మూసుకుపోయింది.

“మళ్లీ గాల్లోకి లేచి వేడెక్కితే గానీ రాదు,” అన్నాడు ఆంబ్రోస్.

“నలభై ఏళ్లు నిండాయి విమానాలతో. నీకు బుద్ధి ఎప్పుడు వేడెక్కుతుందయ్యా?” అని ఫోను పెట్టేసి, ఒళ్లు మండి పోస్టాఫీసుకు వెళ్లింది. స్టాంపులమ్మే మిసెస్ టాపింగ్‌తో ఉన్నదున్నట్టు చెప్పింది: “మా ఆయన టోపీ విమానం గోడలో ఇరుక్కుంది. మళ్లీ ఎగిరేదాకా రాదట.”

ఎనిడ్ గుమ్మం దాటగానే మిసెస్ టాపింగ్ ఆలోచించింది. టోపీ ఒక్కటే ఎలా ఇరుక్కుంటుంది? కింద తల ఉండి ఉంటుంది. పాపం, ఆవిడకు పూర్తిగా చెప్పలేదు.

ఏడు గంటలకు ఎనిడ్ గుమ్మంలో ఇరుగుపొరుగు ఓదార్పుగా పంపిన మూడు గిన్నెల మాంసం కూర చేరింది. ఎనిమిదికి పాదిరిగారు వచ్చారు.

“అమ్మా, తల గోడలో ఉండగానే అతన్ని అలా నిలబెట్టే తీసుకొస్తున్నారట గదా?”

“ఎవరిని? అది టోపీ అండీ. ఉత్త టోపీ!” అని ఎనిడ్ పకపకా నవ్వింది.

పాదిరిగారు ఆమె చెయ్యి తట్టి, టీలో మూడో చెంచా చక్కెర తనే వేశారు. బయటికెళ్లి, “నవ్వుతోంది. ఇంకా దెబ్బ తెలియలేదు,” అన్నారట. ఆమె ఐదుగురికి ఐదుసార్లు నిజం చెప్పింది. చెప్పినకొద్దీ గిన్నెలు పెరిగాయి.

శనివారం పదింటికి సిరిల్ వచ్చాడు. తన టోపీని చేతుల్లో నలుపుతున్నాడు.

“ఎనిడ్, ఒకటి చెప్పాలి. పోయినేడు మీ కాయమీదికి నత్తల్ని వదిలింది నేనే.”

“ఎన్ని?” అంది ఎనిడ్.

“ఒక బకెట్టు. ఆంబ్రోస్ తల మీద ఒట్టు... అయ్యో, క్షమించు. ఈ ఏడు నా కాయ ఇంట్లోనే ఉంటుంది. వాడి కాయను నేను మోస్తాను.”

ఆరోసారి నిజం చెప్పడానికి ఎనిడ్ నోరు తెరిచింది. బకెట్టు గుర్తొచ్చింది. నోరు మూసి, టీ కాచడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి సిరిల్ గాజు గదికి ఒక అద్దం పదిలంగా ఊడదీసి, లోపల చెయ్యిపెట్టి తాళం గడియను వెనక్కి లాగి, కాయను తన సొంత దుప్పటిలో చుట్టి బండికెక్కించాడు. గుడారానికి పన్నెండుకు ఇరవై నిమిషాల ముందే చేరాడు.

సాయంత్రం ఆరున్నరకు బహుమతులు. పాదిరిగారు గొంతు సవరించుకుని “మన ఆంబ్రోస్ పిల్లింగ్...” అనేసరికి గుడారం తెర తొలగింది. యూనిఫాంలో ఆంబ్రోస్. తలమీద రెండువైపులా నొక్కుకుపోయిన టోపీ.

“ఎనిడ్! తాళంచెవి తెచ్చాను!” అన్నాడు ఆయాసపడుతూ.

అందరూ ఆయన మెడ పైభాగాన్నే చూశారు. సిరిల్ దగ్గరికొచ్చి టోపీ ఎత్తి మరీ చూశాడు. “ఇదేమిటోయ్, తల బాగానే ఉంది?”

“బాగుండక ఏమవుతుంది?”

“అయితే కప్పు వెనక్కివ్వండి!” అన్నాడు సిరిల్. పాదిరిగారు బహుమతుల పుస్తకం తెరిచి, ఆంబ్రోస్ పేరు సిరాతో రాసేశామన్నారు. పైగా గుడారంలో మరో మారో కాయ లేదు. నత్తల మాట ఎనిడ్ ఎత్తలేదు, సిరిల్ వైపు చూస్తూ “ఒక బకెట్టు టీ పోయనా?” అని మాత్రం అడిగింది. సిరిల్ కూర్చున్నాడు.

ఆ రాత్రి కప్పు ఎనిడ్ వాళ్ల కిటికీలో ఉంది. దంపతులు వరసగా నాలుగోసారి వేడిచేసిన కూర తృప్తిగా తిన్నారు.

మరుసటి ఏడు ప్రదర్శనకు ముందురోజు, తన టోపీ గడ్డికోత యంత్రంలో ఇరుక్కుందని సిరిల్ పోస్టాఫీసులో చెప్పాడు; మిసెస్ టాపింగ్ స్టాంపులు చింపుతూ, కింద తల ఉందా అని కూడా అడగలేదు.