వీరభద్రం అంగడికి పద్నాలుగు మంది సాక్షులు

గురువారం ఉదయం పద్మనాభం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగడం, కళ్లద్దాలు తుడుచుకోవడం, మునిస్వామి గ్రామఫోన్ రికార్డుల అంగడికి రెండో సాక్షిని సంపాదించడం. మొదటి రెండు పనులూ నిర్విఘ్నంగా పూర్తయ్యాయి.

కె.ఆర్.పురం పెద్దల సంఘం తమ పఠనమందిరంలో ఒక బోర్డు పెట్టదలిచింది. ఒకప్పుడు బెంగళూరులో వెలిగి, క్యాసెట్ల ధాటికి కొన్ని, సీడీల ధాటికి మరికొన్ని, ఫోన్ల ధాటికి మిగిలినవీ మూతపడిన రికార్డుల అంగళ్ల పేర్లన్నీ దాని మీద రాయించి ఆదివారం ఆవిష్కరించాలి. జాబితాను పరిశీలించి సంతకం చేసే బాధ్యత పద్మనాభానిది. కాలేజీలో ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన ఆయన, ఆధారం చూపనిదే పంచాంగంలోని సూర్యోదయాన్ని కూడా ఒప్పుకునే మనిషి కాడు. బాధ్యత చేతికి రాగానే ఒక నియమం పెట్టాడు: ఏ అంగడికైనా ఇద్దరు సాక్షులుండాలి.

ఆ నియమానికి మొట్టమొదట చిక్కింది ఆయన సొంత జ్ఞాపకమే. 1974 నుంచి, విద్యార్థిగా, హలసూరులోని మునిస్వామి అంగడిలో ప్రతి శనివారం మధ్యాహ్నం నిలబడి, ఒక్క ప్లేటూ కొనకుండా రెండేళ్లు పాటలు విన్నాడు. మునిస్వామి ఏనాడూ పొమ్మనలేదు. ఆ పెద్దమనిషికి ఇన్నేళ్ల తరువాత పద్మనాభం చేయగలిగింది బోర్డు మీద ఒక్క వరుస. దానికి సాక్షి తానొక్కడే.

బుధవారమే సంఘం వాట్సాప్ గ్రూపులో అడిగి చూశాడు: "హలసూరులో మునిస్వామి అంగడి అనేది ఒకటి ఉండి ఉండవచ్చు. నిశ్చయంగా తెలిసినవారు మాత్రమే, సంవత్సరంతో సహా తెలియజేయగలరు." ముప్పై ఆరు మంది చదివారు. ఒక్కరూ పలకలేదు.

మిగతా అంగళ్ల గురించి మాత్రం అదే గ్రూపులో జ్ఞాపకాలు పోటెత్తాయి. ప్రతి అంగడిలోనూ సాంబ్రాణి వాసన. ప్రతి యజమానీ దయామయుడు. ప్రతివాడూ టీ తెప్పించి ఇచ్చేవాడు. పద్మనాభానికి అనుమానం మొలిచింది.

"పదకొండు అంగళ్లలో ఒక్క దుర్మార్గుడైన యజమాని కూడా లేడా?" అని భార్య వనజను అడిగాడు.

"టీ ఇచ్చినారంటే ఇచ్చినారు. మీకెందుకండీ కడుపుమంట?"

"మంట కాదు వనజా. ఈ జ్ఞాపకాలకు ఒక పరీక్ష పెట్టాలి."

"పెట్టండి. పరీక్షలు పెట్టక మీకు చేతులు దురదగా ఉన్నట్టుంది."

ఆయన పన్నెండో అంగడిని సృష్టించాడు. శివాజీనగర్ బస్‌స్టాండు వెనక, ఒక మేడమెట్ల కింద, వీరభద్రం అంగడి. యజమానిని కావాలనే పిసినారిని చేశాడు: ప్లేటు ఒక వైపే వినిపించేవాడు, రెండో వైపు వినాలంటే కొనాల్సిందే. అబద్ధం కనుక షరతుల అవసరం కనిపించలేదు. "శివాజీనగర్‌లో మెట్ల కింద వీరభద్రం అంగడి ఉండేది, ప్లేటు ఒక వైపే వినిపించేవాడు. మరిచిపోయారా?" అని గ్రూపులో పెట్టాడు.

కాఫీ గ్లాసు కడిగే లోపల ఫోను మోగింది. చేసింది సిటీ బస్సుల్లో కండక్టరుగా రిటైరైన కృష్ణప్ప, ముప్పై ఏళ్ల స్నేహితుడు.

"ఏమప్పా పద్మనాభం, వీరభద్రాన్ని మర్సిపోతామా? మెట్ల కింద కదా ఉన్నింది! వొంగి దూరాల. నా తల రెండుసార్లు కొట్టుకొనింది."

"ఏ సంవత్సరం?"

"తల కొట్టుకొన్న సంవత్సరం ఎవురు రాసిపెట్టుకుంటారప్పా?"

సాయంత్రానికి వేరుశనగ వ్యాపారి సొన్నప్ప గొంతు సందేశం రూపంలో దిగింది. "యప్పా, ఆయప్పకి ఎంత కోపం సార్! రెండో పక్క కూడా ఎయ్యి సామీ అంటే, ప్లేటు పెరుక్కొని పో పో అన్నాడు. గల్లాపెట్టి మీద పండుకొన్న పిల్లి కూడా నన్ను అదోమాదిరి సూసింది."

పద్మనాభం పిల్లిని సృష్టించలేదు.

శుక్రవారం తెల్లవారేసరికి ఆ పిల్లి నల్లదని కృష్ణప్ప, తెల్లదని సొన్నప్ప పట్టుబట్టి, ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. రాజీ కోసం ఎవరో దానికి మచ్చలు పెట్టారు. పద్మనాభం అనుమానం ఇప్పుడు మనుషుల మీదికి మళ్లింది. వీళ్లందరూ గుట్టు కనిపెట్టి, కూడబలుక్కుని తనను ఆటపట్టిస్తున్నారేమో. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వేమైనా చెప్పావా?"

"నేనా? నేనైతే కుక్కను పెట్టుందును. నాకు పిల్లులంటే పడదు."

ఇక ఆపాలనుకుని మధ్యాహ్నం పఠనమందిరానికి వెళ్లాడు. కృష్ణప్ప ఒక మూల, సొన్నప్ప మరో మూల పేపరు చదువుతున్నారు. సంఘం కార్యదర్శి సుమ ఎదురొచ్చింది.

"సూపర్ సార్! వీరభద్రం అంగడికి ఫోర్టీన్ విట్నెసెస్. అన్నిటికంటే హైయెస్ట్. అందుకే ఫస్ట్ లైన్ దానికే ఇచ్చేసినాం, చూడండి."

గోడకు ఆనించిన బోర్డు మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో వీరభద్రం అవతరించి ఉన్నాడు. రంగు ఇంకా ఆరలేదు.

"మునిస్వామి ఎక్కడమ్మా?" పద్మనాభం బోర్డు చివరి వరుస దాకా వెతికాడు.

"సింగిల్ విట్నెస్ కదా సార్, డిలీట్ చేసేసినా. మీ రూలే కదా."

పద్మనాభం బల్ల మీద చేత్తో తట్టి అందరి ఎదుటా ఒప్పుకున్నాడు. వీరభద్రం లేడు, అంగడి లేదు, పిల్లి లేదు, అంతా తన కల్పన.

"మరి నన్ను తిట్టింది ఎవురు సార్?" అన్నాడు సొన్నప్ప.

"ఎవరూ తిట్టలేదు."

"తిట్టు తిన్నోనికి గొత్తుండదా, ఎవురు తిట్టింది?"

కృష్ణప్ప లేచి, తల వంచి, ఒక బుడిపెను సభకు చూపించాడు. పిల్లి గొడవ తరువాత మొదటిసారి సొన్నప్ప అతని పక్షాన తల ఊపాడు. సుమ సాక్షుల రిజిస్టరు తిరగేసింది.

"సార్, లైన్ తీసెయ్యాలన్నా టూ విట్నెసెస్ కావాలి కదా? లేదని చెప్పేకి మీరొక్కరే ఉండారు."

"లేనిదానికి సాక్షులు ఎక్కణ్ణుంచి వస్తారమ్మా?"

"ఉన్నదానికీ మీకు రాలేదు కదా సార్," అంది సుమ. ఆమె మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అందువల్ల మరింత నొప్పి కలిగింది.

పద్మనాభం వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. కాసేపటికి కృష్ణప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిజంగా లేదా ఆ అంగడి?"

"లేదు. నువ్వెందుకు ఉందన్నావు?"

"నువ్వంటివి కదప్పా! ముప్పై ఏండ్లుగా సూస్తా ఉండా. దెయ్యం లేదంటివి, దిష్టి లేదంటివి, నా తాయెత్తులో సత్తువ లేదంటివి. పుట్టి బుద్ధెరిగినాక ఒక్కసారి, ఒకటి ఉన్నింది అంటివి. నువ్వే అన్యాక మేము గ్యాపకం తెచ్చుకోకుంటే బాగుంటాదా?"

"మరి ఆ బుడిపె?"

"ఏవో మెట్ల కింద కొట్టుకొనిందిలే. బెంగళూరులో మెట్లకు కరువా?"

"అలాగైతే మునిస్వామి గురించి అడిగినప్పుడు ఒక్కరూ నోరు విప్పలేదేం?"

"ఉండి ఉండవచ్చు అని రాస్తివి. నీకే నమ్మకం లేని అంగడికి మేమెట్ల పోయుంటాం?"

పద్మనాభం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన పరీక్షలో అన్ని అంశాలనూ లెక్కలోకి తీసుకున్నాడు, పరీక్షకుణ్ణి తప్ప. నిజాన్ని నసుగుతూ, అబద్ధాన్ని ధీమాగా చెప్పిన మనిషి పద్నాలుగు మందిలో ఎవరూ కాదు.

"లెయ్యప్పా," అన్నాడు కృష్ణప్ప. "వీరభద్రం లేడనేకి నేను రెండో సాక్షి. మునిస్వామి ఉన్నాడనేకీ నేనే."

"నువ్వు ఆ అంగడికి వెళ్లావా?"

"ఆ రూటులో ఎన్నేండ్లు టికెట్లు కొట్టినా! పోయే ఉంటా."

లోపల సుమ మొదటి వరుస మీద తెల్లరంగు పూయించే ఏర్పాటు చేసింది. సొన్నప్ప కనీసం పిల్లినైనా ఉంచమని వాదించి, ఓడిపోయి, పేపరులో తల దూర్చాడు. రిజిస్టరు బల్ల మీదికి వచ్చింది. సాక్షిని ప్రశ్నించకుండా నమోదు చేసే అలవాటు పద్మనాభానికి జన్మలో లేదు. కలం తెరిచి, అలవాటు కొద్దీ ఉచ్చు బిగించాడు.

"మునిస్వామి అంగడి తలుపు ఆకుపచ్చ రంగు. అవునా?"

కృష్ణప్ప ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు.

"ఆకుపచ్చే. నిన్న సూసినట్లుండాది."

మునిస్వామి అంగడికి తలుపు లేదు. ఉదయం ఒక్కొక్కటిగా ఊడదీసి, సాయంత్రం ఒక్కొక్కటిగా బిగించే చెక్క పలకలే ఉండేవి. రిజిస్టరులో "సాక్ష్యం సంతృప్తికరం" అని రాసి, పద్మనాభం కింద సంతకం చేశాడు.