మూడు కాళ్ల సర్వే

తప్పంతా రాబిన్ మాస్టారి నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నారే, ఆఫీసు బాబులూ, మీకు సిగ్గుందా? సోములమ్మ పోడు చేను కొలిచి పట్టా ఇవ్వడానికి మూడేళ్లుగా ఒక్క సర్వేయర్ని కొండెక్కించలేని మీరా ఆయనకు నోటీసు ఇచ్చేది? ఆయన చేసిన నేరమల్లా ఫోటో తీయబోవడం.

జరిగింది వినండి. 2009 నవంబరు. రాబిన్ అరకులో మిషన్ స్కూలు మాస్టారు. పదేళ్లు రీలు కెమెరాతో సరిపెట్టుకుని, చివరికి విశాఖ వెళ్లి మొదటి డీఎస్ఎల్ఆర్ కొన్నాడు. దాంతోపాటు మూడు కాళ్ల స్టాండు, భుజానికో బ్యాగు, లెన్సు తుడిచే గుడ్డ. ఆదివారం పొద్దున్నే వలిసె పూల మీద తొలి ఎండను పట్టేసి, తొమ్మిదికల్లా చర్చిలో ఉండాలని ప్లాను.

కొండవాలులో పసుపు ఆరబోసినట్టు ఒక చేను కనబడింది. స్టాండు దించి, కెమెరా బిగించి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. చేను గల సోములమ్మ పరుగున వచ్చింది.

"ఒచ్చీసినావా బాబూ! మూడేళ్లు ఎదురు సూసినాం. ముందు కొలుత్తావా, కోడిని కొయ్యమంతావా?"

మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. ఫోటోలో మనిషుంటే బాగుంటుందని మాత్రం తోచింది.

"అమ్మా, ఆ చివరకెళ్లి నిలబడండి."

మూడేళ్లుగా ఆమె వినాలనుకున్న మాట అదే. వెళ్లి గుంజ పాతినట్టు నిలబడింది.

"ఇంకొంచెం ఎడమకి... ఇంకొంచెం..."

పక్క చేను మంగ్లు కేకేశాడు. "ఆగు బాబూ! ఆ ఎడమది నాది! నా బూమి సోములమ్మప్పకి రాసేత్తన్నావేటి?"

"నువ్వు అడ్డమొస్తున్నావయ్యా, కుడికి జరుగు."

"ఇన్నావా మంగ్లూ? సర్కారే జరగమంతంది!" అంటూ సోములమ్మ అక్కడో హద్దురాయి పడేసింది.

"నేను సర్వేయర్ని కాదమ్మా! ఫోటోలు తీసుకునేవాణ్ణి!"

"అందరూ అలాగే అంతారులే. తియ్యి బాబూ, కాయితానికి ఫోటో కూడా కావాలంట."

తొమ్మిదయ్యేసరికి మూడు ఊళ్ల జనం దిగారు. పారిపోదామని మాస్టారు స్టాండు ఎత్తి ఎక్కడ దించితే అక్కడ హద్దురాళ్లు లేచాయి. చర్చి గంట కింద లోయలో మోగి ఊరుకుంది.

కొండ మీద వేరెవడో కోడికూర తింటున్నాడన్న కబురు ఆదివారమైనా ఆఫీసుకు చేరింది. మూడేళ్లు దొరకని సర్వేయర్ ధనరాజు గంటలో ప్రత్యక్షమయ్యాడు, చేతిలో టేపుతో.

"మూడు కాళ్లదేది?" నిలదీసింది సోములమ్మ.

"టేపు చాలు."

"టేపు దర్జీ కాడా ఉంటాది. ఈడు దొంగ సర్వేయరు! కూకోబెట్టండిరా!"

జనం మధ్య చతికిలబడ్డ ధనరాజు గొంతు తగ్గించాడు. "మాస్టారూ, ఆ స్టాండు ఒక్కసారి ఇప్పించండి."

రాబిన్ కెమెరా విప్పుకుని స్టాండు ఇచ్చాడు. ధనరాజు దాన్ని నిలబెట్టి, పైన ఏమీ లేకపోయినా ఒక కన్ను మూసి చూశాడు. జనం శాంతించారు. సాయంత్రానికి టేపుతోనే అన్ని చేలూ కొలిచాడు. మంగ్లు భూమి మంగ్లుకే వచ్చింది.

మర్నాడు ఆఫీసు మాస్టారికి నోటీసిచ్చి, స్టాండును "అనుమతి లేని సర్వే పరికరం" అని జప్తు చేసింది. కొలతల కాగితాలను కేసు సాక్ష్యమని దాంతోపాటే బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటే. ఆ బీరువా తెరవండి. సోములమ్మ పట్టా సోములమ్మకు, మాస్టారి స్టాండు మాస్టారికి ఇచ్చేయండి. పట్టా మీద సంతకం పెట్టాలంటే మీ చెయ్యి ఎలాగూ వణుకుతుంది. కనీసం ఆయన ఫోటోలైనా వణక్కుండా రానివ్వండి.