ముక్కు బాబాయి ఆఖరి తనిఖీ

ఆ రోజు ముక్కు బాబాయి ఇంట్లోంచి ఒక్కటే అనుకుని బయల్దేరాడు. ముక్కు మాట వినకూడదు. ముప్పై ఏళ్లుగా కార్ల వర్క్‌షాపులో పెట్రోలు బండి మూత ఎత్తగానే వాసన చూసి రోగం చెప్పినవాడు. ఆ పేరు అలా వచ్చిందే. ఇప్పుడు షెడ్డు నిండా కరెంటు కార్లు. వాటికేమైందో కంప్యూటర్ తెర చెబుతుంది. సాయంత్రంలోగా ఆ తెర చూసి ఒక్క కారు తనిఖీ గొడవ లేకుండా ముగిస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే అన్నాడు మేనేజరు.

"ఏమండీ, ఆ తెరేం చెబితే అదే రాయండి. మీ తెలివి ఇక్కడ పెట్టి వెళ్లండి," అంది భార్య, బయల్దేరేముందు ఆయన చొక్కాకి గుండీ కుడుతూ. ఆవిడ భయం ఆయనకి అర్థమవుతూనే ఉంది.

వచ్చిన కారు ఒక పంతులమ్మది. అంతా బాగుందని తెర చెప్పింది. బాబాయి అదే రాయబోతుంటే సీటు కింద నుంచి సన్నగా తీపి వాసన వచ్చింది. ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపని బిగబడతాడు? బండిలో పళ్లేమైనా కుళ్లాయా అని పంతులమ్మని మెల్లగా అడిగాడు. తన కారు కంపు కొడుతోందంటున్నాడని ఆవిడ చరచరా మేనేజరు దగ్గరికి వెళ్లింది. మేనేజరు పదిసార్లు క్షమాపణ చెప్పుకుని, సెంటు స్ప్రే పట్టుకొచ్చి కారులో కొట్టబోయాడు.

"సార్, కొట్టకండి. లోపల ఏదో కారుతోంది, నిప్పంటుకుంటుంది," అన్నాడు బాబాయి ఉండబట్టలేక.

ఆ షెడ్డులో నిప్పు మాట ఎవరు ఎత్తినా ఏం చేయాలో గోడ మీద రాసి ఉంది. గంట మోగింది. అందరూ రోడ్డెక్కారు. ఫైరింజను వచ్చింది. బ్యాటరీ మంట ఒక పట్టాన ఆరదు కాబట్టి, అనుమానం వస్తే చాలు, కారుని నీళ్ల తొట్టిలో ముంచడం వాళ్ల పద్ధతి. క్రేను ముంచేసింది. వెనక సీట్లో పెట్టిన పరీక్ష పేపర్లు ఒక్కొక్కటే పైకి తేలాయి. పొగ మాత్రం రాలేదు.

"రేపట్నుంచి రావద్దు బాబాయ్," అన్నాడు మేనేజరు, తల దించుకుని.

ఇంటికొచ్చి చెబితే భార్య ఆయన విప్పిన చొక్కా మడిచి పెట్టెలో పెట్టింది. తిట్టినా బాగుండేది. ఆయనకి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

నాలుగో రోజు మేనేజరు స్వయంగా ఇంటికొచ్చాడు. బ్యాటరీ విప్పితే లోపల నిజంగానే ద్రవం కారుతోందట, ఆ తీపి వాసన దానిదేనట. తెరకి తెలియలేదు. ఇంకో వారం ఆగితే పంతులమ్మ, బడికి ఆవిడతో వచ్చే ముగ్గురు పిల్లలు కారుతో సహా కాలిపోయేవాళ్లే. భార్య ఆ మాట వింటూనే గబగబా చొక్కా ఇస్త్రీ చేయబోయింది.

"మూడ్రోజులు చాలమ్మా," అన్నాడు మేనేజరు. "వాసన పట్టే యంత్రం కొన్నాం. బాబాయి దానికి నేర్పిస్తే చాలు."

బాబాయి కాదనలేదు. కాలిన తీగ వాసన, కరిగిన ప్లాస్టిక్ వాసన, ఆ తీపి వాసన, పసిపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు ఓపిగ్గా నేర్పాడు. మూడో రోజు సాయంత్రం, వెళ్లేముందు ఎలా పనిచేస్తుందో చూసుకుందామని అప్పుడే ఆన్ చేసిన యంత్రం పక్కకి వెళ్లాడు. అది షెడ్డు అదిరేలా కూసింది. ముప్పై ఏళ్లుగా ఆయన ఒంటికి పట్టిన పెట్రోలు వాసనకి.

కాస్త దూరంగా నిలబడమని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.