రెండువందల పన్నెండో వస్తువు

ఆ రోజు పొద్దున్న రాట్నం మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా రాట్నం సామాన్ల జాబితా పూర్తి చెయ్యాలి, పదింటికి మేనేజరు బల్ల మీద పెట్టాలి, పెడుతూ పెడుతూ ఒక్క మాట అడగాలి. రాట్నంతో పాటు తననీ కొత్త పార్కుకి పంపమని. ఆ మాట గడ్డం గీసుకుంటూ అద్దం ముందు నాలుగుసార్లు అనిచూసుకున్నాడు. నాలుగుసార్లూ బాగానే వచ్చింది.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన ఆ రంగులరాట్నాన్ని తిప్పుతున్నాడు. ఇరవై నాలుగు గుర్రాలు, నడుమ అద్దాలు తాపడం చేసిన స్తంభం, స్తంభం పక్కన బ్రేకు పిడి, పిడి పక్కన ఆయన. ఊళ్లో సగం మంది చిన్నప్పుడు ఆ గుర్రాల మెడలు కావలించుకుని ఏడ్చినవాళ్లే. ఎక్కేటప్పుడు భయంతో కొందరు, దిగమన్నప్పుడు అలిగి కొందరు. ఇప్పుడా పార్కు మూసేసి కార్లు నిలిపే స్థలం చేస్తున్నారు. మిగతా ఆటలన్నీ పాత ఇనుము కింద పోయాయి. రాట్నాన్ని మాత్రం ఊరి అవతలి కొసన కట్టిన కొత్త పార్కువాళ్లు ముచ్చటపడి కొనుక్కున్నారు. రాట్నానికి చోటు దొరికింది గాని, వర్క్‌షాపు వెనక రెండు గదుల్లో కాపురముంటున్న మేస్త్రీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఇవాళైనా నోరు తెరిచి అడగండి" అంది భార్య, క్యారియరు మూత బిగిస్తూ. "ఇన్నేళ్లలో మీరు నోటితో ఏదీ అడిగిన పాపాన పోలేదు. గ్రీజు డబ్బా కావాలన్నా కాగితమే."

ఆవిడ అన్నది నిజం. ఆ పార్కులో పద్ధతే అది. నోటితో ఏదడిగినా "చూద్దాం" అనే జవాబు వచ్చేది, ఆ చూపు ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. జాబితాలో రాసి ఇచ్చింది మాత్రం ఆలస్యంగానైనా వచ్చేది. బెల్టు రాస్తే బెల్టు వచ్చింది, రంగు రాస్తే రంగు వచ్చింది. ఒకసారి పొరపాటున ఒకే నిచ్చెనని రెండుసార్లు రాస్తే రెండు నిచ్చెనలు వచ్చాయి. అప్పటినుంచీ మేస్త్రీకి కాగితం మీద గురి కుదిరింది.

పదింటికి మేనేజరు ఫోనులో ఉన్నాడు. పార్కు వీడ్కోలు సభకి కుర్చీలెన్ని, మైకు ఎవరిది, ఉపన్యాసం ముందా ఫొటోలు ముందా అన్నది తేలడం లేదు. మేస్త్రీ మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడోసారికి మేనేజరు తలెత్తి చూశాడు. మేస్త్రీ అద్దం ముందు చెప్పినంత బాగా కాకపోయినా, చెప్పవలసింది చెప్పాడు.

"చూద్దాంలే మేస్త్రీ" అన్నాడు మేనేజరు. "ముందు ఆ జాబితా సంగతి చూడు."

మేస్త్రీ బయటికి వచ్చి, టికెట్ల గది ముందు బల్ల మీద కూలబడి, చేతిలో జాబితా వంక చూశాడు. పైన అచ్చులో శీర్షిక ఉంది: "ఇవి లేనిదే రాట్నం తిరగదు." దాని కింద గళ్లు. వస్తువు, సంఖ్య, వయసు, స్థితి. గుర్రాల దగ్గర మొదలుపెట్టి, మోటారు, గేర్లు, అద్దాలు, ఆఖరికి నూనె కుప్పె దాకా రెండువందల పదకొండు వస్తువులు ఆయన చేతిరాతలో ముత్యాల్లా ఉన్నాయి. మేస్త్రీ చాలాసేపు ఆలోచించాడు. ఆయన అబద్ధాలాడే మనిషి కాడు. శీర్షిక మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. కలం తీసి, కింద ఇంకో వరస రాశాడు: "212. నడిపే మనిషి. ఒకటి. ముప్ఫై ఒక్క ఏళ్లు. పాతది, పనిచేస్తోంది."

మేనేజరు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, జాబితా చదవకుండానే పేజీ పేజీకీ సంతకాలు గీకేశాడు.

పది రోజులకి కొత్త పార్కునుంచి పసుపురంగు అట్టబిళ్లలు వచ్చాయి, రెండువందల పన్నెండు. ఒక్కో వస్తువుకీ ఒక్కో బిళ్ల కట్టి లారీ ఎక్కించాలి. మేస్త్రీ రెండు రోజులపాటు గుర్రాలను ఒక్కొక్కటే విప్పి, పాత దుప్పట్లు చుట్టి, బిళ్లలు కట్టాడు. లారీ మనిషి లెక్క చూసుకున్నాడు. రెండువందల పదకొండు దగ్గర ఆగి, పన్నెండోది ఎక్కడని అడిగాడు. మేస్త్రీ చెయ్యెత్తాడు. లారీ మనిషి జాబితా చూశాడు, మేస్త్రీని చూశాడు, మళ్లీ జాబితా చూశాడు. గతంలో ఒక పియానోకి ఒక కాలు తక్కువ దించి చీవాట్లు తిన్నవాడు.

"ఎక్కండి" అన్నాడు. "ముందు సీట్లో కాదు, వెనక. సామాను వెనకే ఉండాలి."

మేస్త్రీ చొక్కా గుండీకి బిళ్ల కట్టుకుని, ఏడో నంబరు గుర్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఏడో నంబరంటే ఆయనకి ప్రాణం. ప్రతి చుట్టులోనూ ఒకచోట కిర్రుమంటుంది, ఎంత నూనె పోసినా మానదు. లారీ గేటు దాటుతుంటే రాట్నాన్ని సాగనంపడానికి వచ్చిన జనం చేతులూపారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మేస్త్రీ తనూ చెయ్యూపాడు. వాళ్లు ఊపింది గుర్రాలకని ఆయనకి తట్టలేదు.

ఆ సాయంత్రమే మేనేజరు జాబితా మొదటిసారి చదివాడు. 212 దగ్గర ఒకసారి నవ్వుకున్నాడు. తర్వాత నవ్వడం మానేసి ఆలోచించాడు. పనిలోంచి సాగనంపవలసిన వాళ్లలో ఒకరు తగ్గారు కదా అని సిబ్బంది రిజిస్టరు తెప్పించి, మేస్త్రీ పేరు కొట్టేసి, పక్కన "యంత్రంతో పాటు అప్పగించడమైనది" అని రాశాడు. రెండు గదులూ వారంలో ఖాళీ చెయ్యమన్నారు. భార్య చుట్టుపక్కల వాళ్లందరికీ ఆయనకి బదిలీ అయిందని చెప్పి, కొత్త పార్కు దగ్గర ఒక గది చూసి సామాను మార్పించింది. ఆవిడ గొంతులో ఆ వారమంతా కాస్త గర్వం ఉంది. అబద్ధమాడటం ఎందుకు, మేస్త్రీ నడకలోనూ ఉంది.

కొత్త పార్కులో మొదటి నెల జీతాల రోజున మేస్త్రీ వరసలో నిలబడ్డాడు. ఆయన పేరు లేదు. కొత్త మేనేజరు నెమ్మదైన ఆవిడ, కంప్యూటరంతా గాలించి చూసింది.

"మీరు మా సిబ్బందిలో లేరండీ" అంది. "స్టోరులో ఉన్నారు."

స్టోరు కీపరు మేస్త్రీ ఈడువాడే. మంచివాడు, నిబంధన తప్పితే నిద్రపట్టని మనిషి. మేస్త్రీ వచ్చి అడగ్గానే రిజిస్టరు తీసి చూపించాడు. 212, అందినది, సొట్ట లేదు, పగులు లేదు, సంతకం. "మీకేం భయం లేదు, జాగ్రత్తగా నా దగ్గరున్నారు" అని భరోసా కూడా ఇచ్చాడు. విడిభాగాలకి జీతం ఇచ్చే పద్ధతి మాత్రం లేదన్నాడు. కావాలంటే నూనె, గుడ్డ పీలికలు ఇప్పించగలడు.

అంతటితో పోలేదు. స్టోరు వస్తువు గేటు దాటాలంటే పాసు ఉండాలి. ఆ సాయంత్రంనుంచీ మేస్త్రీ ఇంటికి వెళ్లడానికి స్టోరు కీపరు రోజూ ఒక పాసు రాసేవాడు, "తిరిగి తేవలసిన వస్తువు" అని. పుచ్చుకునేవాళ్ల సంతకం కావాలి గనక భార్య గేటు దాకా వచ్చి, స్థితి అన్న గడిలో "బాగుంది" అని రాసి, సంతకం పెట్టి ఆయన్ని తీసుకెళ్లేది. పొద్దున్నే తెచ్చి అప్పగించేది. స్టోరు కీపరు కళ్లజోడు సవరించుకుని, మేస్త్రీని పైనుంచి కిందికి చూసి, అందినట్టు రాసుకునేవాడు.

"పెళ్లిచూపుల్లో కూడా మిమ్మల్ని ఇంత పరీక్షగా చూడలేదు" అంది ఆవిడ ఒకరోజు. మొదటి వారం కాబట్టి ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండో నెలకి నవ్వు తగ్గింది. ఆవిడ పక్కవీధిలో పిల్లలకి బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. మేస్త్రీ కొత్త మేనేజరు దగ్గరికి వెళ్లి, జాబితాలోంచి తన వరస కొట్టేసి, మనుషుల్లో కలపమని బతిమాలాడు. మేనేజరు నిజంగానే ప్రయత్నించింది. కాని 212 కొట్టేస్తే రాట్నం కొనుగోలు అసంపూర్తి అవుతుంది. దిద్దాలంటే జాబితా ఇచ్చినవాళ్లే దిద్దాలి. పాత పార్కుకి రాసిన ఉత్తరాలు రెండూ తిరిగొచ్చాయి. ఆ చిరునామాలో కార్లు ఉంటున్నాయి.

"రాట్నం తిరగనివ్వండి, అప్పుడు మీ విలువ వాళ్లకే తెలుస్తుంది" అంది భార్య. మేస్త్రీ కూడా అదే నమ్మాడు. ఎవరికీ తెలియని చోట్ల ఉన్న మేకులు ఆయనకే తెలుసు గదా. గుర్రం గుర్రాన్నీ తనే నిలబెట్టాడు, ఒక్క అద్దం పగలకుండా స్తంభం ఎత్తించాడు. జీతం లేకపోయినా అంత శ్రద్ధగా ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎప్పుడూ పనిచెయ్యలేదు.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు భద్రతా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రాట్నం వైపు వెళ్లకుండా నేరుగా బల్ల దగ్గర కూర్చుని జాబితా తెమ్మన్నాడు. ఇరవై అయిదేళ్లు దాటిన కదిలే భాగాలు మార్చాలన్నది నిబంధన. ఎర్ర పెన్సిలుతో మోటారు చుట్టాడు, గేర్లు చుట్టాడు, గుర్రాల బేరింగులన్నీ చుట్టాడు, ఆఖర్న 212ని చుట్టాడు.

"అది మనిషండీ" అంది కొత్త మేనేజరు.

ఇన్‌స్పెక్టరు పెన్సిలు ఆపి మేస్త్రీని చూశాడు. "కదులుతాడా?" అని అడిగాడు.

"కదులుతారు."

"అయితే కదిలే భాగమే" అని కింద సంతకం పెట్టాడు.

రెండు రోజుల్లో కొత్త బేరింగులు వచ్చాయి, కొత్త మోటారు వచ్చింది, 212కి బదులుగా బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చింది. దానికి ఒక పచ్చ మీట ఉంది. ఆపడం కూడా అదే చూసుకుంటుందట. మేస్త్రీ ఆ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, వెళ్లి స్టోరు గుమ్మంలో కూర్చున్నాడు.

ప్రారంభం రోజున ఊరు ఊరంతా వచ్చింది. మేస్త్రీ వెనకాల గోడ పక్కన నిలబడ్డాడు. ఈ రాట్నాన్ని ఆపడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు. పిడిని మూడు దఫాలుగా, ఊపిరి బిగబట్టి లాగాలి. లేకపోతే పిల్లల గడ్డాలు గుర్రాల మెడలకి కొట్టుకుంటాయి. ఆ పెట్టెకి ఇవేం తెలుస్తాయి? రాట్నం తిరగకూడదని ఆయన జన్మలో మొదటిసారి కోరుకున్నాడు. కోరుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే మళ్లీ కోరుకున్నాడు.

కొత్త మేనేజరు మీట నొక్కింది. రాట్నం తిరిగింది. ఏడో నంబరు గుర్రం ఆయన ముందునుంచి ఆరుసార్లు వెళ్లింది, ఆరుసార్లూ కిర్రుమనలేదు. ఆగేటప్పుడు ఎంత మెత్తగా ఆగిందంటే, ఆగిందని తెలియక పిల్లలు ఇంకా పట్టుకునే కూర్చున్నారు. ఆయన ఎన్నడూ అంత మెత్తగా ఆపలేదు. చుట్టూ చప్పట్లు మోగుతుంటే, చేతుల్నేం చెయ్యాలో తెలియక తనూ కొట్టాడు.

మూడో రోజున మేస్త్రీకి కాగితం వచ్చింది. ఈ పార్కుకి వచ్చాక ఆయన పేరున వచ్చిన మొదటి కాగితం అదే. "212 లేనిదే రాట్నం తిరగదని మీ చేతిరాతతో తెలియజేశారు. అది లేకుండానే రాట్నం తిరిగింది. తప్పుడు వివరం ఇచ్చినందుకు సంజాయిషీ ఇవ్వగలరు." కొత్త మేనేజరు ఆ కాగితం ఇస్తూ ఆయన మొహంలోకి చూడలేకపోయింది. ఇది తన పని కాదనీ, ఆడిట్ వాళ్లు అడిగారనీ చెప్పింది. మేస్త్రీ అక్కడే నిలబడి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క ముక్క రాసిచ్చాడు: "నిజమని నమ్మి రాశాను."

ఆ సాయంత్రం స్టోరు కీపరు రాసిన పాసు రంగు వేరు. పైన "తిరిగి తేనక్కర్లేదు" అని ఉంది. భార్య దాన్ని చదివి, ఆయన వంక చూసింది. స్థితి అన్న గడి దగ్గర కలం ఆపి, కాస్త ఆలోచించి, జాబితాలో ఆయన రాసిన మాటలే రాసింది: "పాతది, పనిచేస్తోంది."

స్టోరు కీపరు ఇబ్బందిగా దగ్గాడు. "అలా రాయకూడదమ్మా" అన్నాడు. "పనిచేసే వస్తువుని ఈ పాసు మీద బయటికి పంపడానికి వీల్లేదు."

ఆవిడ కదల్లేదు. గేటు అవతల బస్సు వచ్చి నిలబడింది.

"కొట్టెయ్" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "బస్సు పోతుంది."

ఆవిడ "పనిచేస్తోంది" కొట్టేసి, "పాతది" అలాగే ఉంచి, అందినట్టు సంతకం పెట్టింది.