అద్దెకిల్లు అడిగిన కమిటీ

ఆ రోజుకు పరిశోధకురాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం కమిటీ వస్తుంది. కంప్యూటర్లో దాచిన ఫోను సంభాషణలు నాలుగు వినిపించాలి. కమిటీ తలూపాలి. అంతే, వివక్ష మీద పరిశోధన చేసే ఆ చిన్న కేంద్రానికి ప్రభుత్వ నిధులు ఆగకుండా ఉంటాయి.

చిక్కల్లా ఆ తలూపడం దగ్గరే. కమిటీ అధ్యక్షుణ్ణి వెనకాల అందరూ కత్తెర సారు అంటారు. ఆయన చూసి వెళ్ళిన కేంద్రాల్లో చాలావాటి తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు.

కేంద్రం చేసే పని మాత్రం సులువుగానే అర్థమవుతుంది. అద్దెకిచ్చే ఇంటివాళ్ళకు ఇద్దరు ఫోను చేస్తారు. ఇద్దరిదీ ఒకే జీతం, ఒకే రకం ఉద్యోగం. ఒకరు భార్యాబిడ్డలతో ఉంటామంటారు, ఇంకొకరు భర్త లేని ఆడమనిషి. ఎవరికి ఏ జవాబు వచ్చిందో చూస్తారు. ఈ ఆలోచన పరిశోధకురాలికి పుస్తకాల్లో దొరకలేదు. భర్త పోయిన ఏడాది, కూతురి చెయ్యి పట్టుకుని ఇళ్ళ గడపలన్నీ ఎక్కి దిగినప్పుడు దొరికింది.

కమిటీ వచ్చి కూర్చుంది. డైరెక్టరు మంచివాడే గానీ కంగారు మనిషి. అతిథులకు టీ ఇవ్వాలన్న తొందరలో, కంప్యూటర్ ఉన్న ప్లగ్గులోనే కెటిల్ కూడా పెట్టాడు. టప్ మని శబ్దం వచ్చింది. కంప్యూటర్ కన్ను మూసింది. టీ కూడా రాలేదు.

"నేను ముందే అన్నాను," అన్నాడు కత్తెర సారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఈ కాలంలో వివక్ష ఎక్కడుందండీ? ఉంటే వినిపించేవారు కదా."

"ఇప్పుడే ఫోన్ చేసి వినిపిస్తాం సార్," అనేశాడు డైరెక్టరు.

ఎవరికి చెయ్యాలో మాత్రం ఆయనకు తెలియదు. పరిశోధకురాలు మెట్లు దిగి పరిగెత్తింది. గేటు దగ్గర కమిటీ కారుకు ఆనుకుని డ్రైవరు నిలబడ్డాడు.

"బాబూ, ఈ చుట్టుపక్కల టులెట్ బోర్డేదైనా చూశావా?"

"ఇల్లు కావాలా అమ్మా? నాకు తెలిసిందొకటుంది. పైవాటా, గాలీ వెలుతురూ బాగుంటాయి. నంబరు చెప్తా రాసుకోండి. అది ఎవరిదంటే..."

ఎవరిదైతేనేం అనుకుంది ఆమె. నంబరు అరచేతిలో రాసుకుని అప్పటికే సగం మెట్లెక్కేసింది.

ఫోను బల్లమీద పెట్టి, అందరికీ వినపడేలా స్పీకరు నొక్కింది. అవతల ఒక ఆడగొంతు పలికింది.

"ఇల్లు ఖాళీగా ఉందన్నారండీ. నేనూ, మా పాపా ఉంటాం."

"మీ ఆయన?"

"లేరండీ."

"అయ్యో, నిన్ననే ఇచ్చేశామమ్మా."

ఎన్నిసార్లు విన్నా ఆ మాట ఆమెకు కొత్తగానే గుచ్చుకుంటుంది. కత్తెర సారు తుడిచిన కళ్ళజోడునే మళ్ళీ తుడుస్తున్నాడు. కాసేపాగి డైరెక్టరు తన ఫోన్లోంచి, స్పీకరు నొక్కి చేశాడు.

"నేనూ, మా ఆవిడా, పాపా అండీ."

"రండి రండి, ఖాళీగానే ఉంది. ఇందాకే ఎవరో ఒంటరి ఆవిడ చేస్తే ఇచ్చేశామని చెప్పా. అలాంటివాళ్ళకి వద్దని మావారి మాట. ఆయనకన్నీ తెలుసు లెండి, పెద్ద కమిటీలో ఉన్నారు."

"ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందే," అన్నాడు కమిటీలోని రెండో సభ్యుడు.

కత్తెర సారు చటుక్కున డైరెక్టరు చేతిలోని ఫోను లాక్కున్నాడు. తన గొంతు వింటే అవతల సర్దుకుంటారని ఆయన ఆశ. పాపం, భయానికి ఆ గొంతే ఎండిపోయి పీలగా వచ్చింది.

"నాక్కూడా... ఇల్లు కావాలండీ."

"మీరెవరు? బాగా పెద్దవారిలా ఉన్నారే. ముసలివాళ్ళకి ఇవ్వం, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఉన్న ఒక్కరితోనే వేగలేకపోతున్నా."

ఫోను కట్టయింది. ఇంతలో కత్తెర సారు జేబులో ఫోను మోగింది. చెవి మందగించిన మనిషి కావడంతో, ఆయన ఫోను గదిలో అందరికీ వినపడుతుంది.

"ఏమండీ, పైవాటాకి మంచివాళ్ళు దొరికారు. మధ్యలో ఎవరో ముసలాయన ప్రాణం తీశాడనుకోండి."

పరిశోధకురాలు అరచేతిలోని నంబరు వంక చూసుకుంది. చెయ్యి మెల్లిగా ముడిచేసింది. ఇప్పుడు నవ్వితే కేంద్రం మూతపడుతుందని పెదవి కొరుక్కుంది. కత్తెర సారు ఆమె వైపు చూశాడు, తొలిసారి తిన్నగా.

"ముందు చేసిందే, ఆ ఒంటరావిడ," అన్నాడు ఫోన్లో. "ఆవిడకి ఫోన్ చేసి ఇల్లుందని చెప్పు."

"వద్దన్నది మీరే కదండీ. అయినా ఆవిడ సంగతి మీకెవరు చెప్పారు?"

"కమిటీలో తేలింది."

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. నిధులు తగ్గలేదు. ఒంటరి స్త్రీలకు ఇళ్ళు దొరకని సమస్య మీద పరిశోధన తప్పక సాగాలని అధ్యక్షుడు గట్టిగా సిఫారసు చేశాడు. దాని కింద, వయసు మళ్ళిన మగవాళ్ళ విషయం కూడా చేర్చాలని తన చేత్తోనే రాసి, పక్కన 'అత్యవసరం' అని రెండు గీతలు గీశాడు.