గుండెపెట్టెకు తాళం

ఏడున్నరకు రిబ్బను కత్తిరింపు, ఎనిమిదికి ఇడ్లీలు, ఎనిమిదిన్నరకు ఎవరిళ్లకు వాళ్లు. ఆ ఉదయానికి సూర్యనారాయణ గారు వేసుకున్న ప్రణాళిక ఇంతే.

యూనివర్సిటీ మైదానంలో పొద్దున్నే నడిచే తార్నాక పెద్దమనుషుల సంఘానికి ఆయన కార్యదర్శి. పోయిన వానాకాలం, రోజూ తనతో నడిచే వెంకటస్వామి మాట మధ్యలో ఆగి అక్కడే కుప్పకూలిపోయాడు. సూర్యనారాయణ గారు తువ్వాలుతో విసిరారు, మొహాన నీళ్లు చల్లారు, అంతకు మించి ఏం చేయాలో తెలియలేదు. ఆగిన గుండెను మళ్లీ కొట్టించే యంత్రం ఒకటుందని, కాస్త నేర్పితే దాన్ని ఎవరైనా వాడొచ్చని తర్వాత ఆసుపత్రిలో విన్నప్పుడు ఆయనకు సిగ్గుతో తల వాలిపోయింది. ఇంకొకరిని అలా పోనివ్వకూడదనుకున్నారు. చెప్పులరిగేలా తిరిగి ఆ యంత్రం తెప్పించారు. హెల్త్ సెంటర్ నర్సు శిరీష చేత పంతొమ్మిది మందికి మూడు రోజులు శిక్షణ ఇప్పించారు. టీలు, కుర్చీలు, ఫొటోలు చూసుకునే హడావుడిలో ఛాతీ అదమడం నేర్పే బొమ్మ ముందు మోకాళ్లు వంచనిది మాత్రం ఆయన ఒక్కరే.

ఇక మిగిలింది దొంగల భయం. కుళాయి పిడి కూడా రెండు రోజులు నిలవని చోటది. అందుకని యంత్రాన్ని ఉంచి గోడకు బిగించిన గుండెపెట్టెకు ముషీరాబాద్‌లో కొన్న ఇత్తడి తాళం వేశారు. "దానికి తాళం ఉండొద్దు సర్, అవసరం చెప్పి రాదు" అంది శిరీష. "ప్రారంభోత్సవం దాకానేనమ్మా" అన్నారాయన, అవసరానికి కూడా ఆహ్వానపత్రిక పంపినట్టు.

ఏడింటికి కుర్చీలు వేయించి జేబులో చెయ్యి పెడితే తాళంచెవి లేదు. ఇంటికి ఫోన్ చేశారు.

"శుభమా అని తెరుస్తున్నారు కదండీ, అమ్మవారి ముందు పెట్టి బొట్టు పెట్టాను" అంది భార్య అరుంధతి. "వెళ్లేటప్పుడు తీసుకుంటారనుకున్నా. ఉండండి, ఆటోలో తెస్తాను."

అరుంధతి చీర మార్చుకునే వేగం ఆయనకు తెలుసు. సంఘం వాట్సాప్ గ్రూపులో గబగబా రాసేశారు: "గుండెపెట్టె అర్జంటుగా తెరవాలి. తాళంచెవి మా ఇంట్లో ఉంది. వెంటనే మా ఇంటికి వెళ్లండి." ఫోన్ జేబులో పడేసి రిబ్బను కట్టడంలో మునిగిపోయారు.

కొత్తగా శిక్షణ పొందినవాళ్లకు చేతులు దురదపెడుతుంటాయి. వాళ్లలో ఒకడైన రవికాంత్ దాన్ని "సూర్యనారాయణ గారింట్లో ఎమర్జెన్సీ" అని పంపాడు. తర్వాతివాడు "ఇంట్లో" తీసేసి "గారికి" అన్నాడు. ఆ తర్వాతివాళ్లు దండాలు పెట్టారు. మనిషికే ఫోన్ చేసి అడుగుదామని ఎవరికీ తోచలేదు.

పావుగంటకు అరుంధతి ఫోన్.

"ఏమండీ, మన వాకిట్లో పంతొమ్మిది మంది ఉన్నారు. మీరెక్కడ పడిపోయారని అడుగుతున్నారు."

"నేను పడలేదు. నించునే ఉన్నాను."

"ఆ మాటే చెప్తే, పాపం మతి చలించిందని నన్ను పడుకోబెట్టారు. రవికాంత్ గారు నాడి చూస్తున్నారు. మీ పేరు చెప్పి అంబులెన్సు కూడా పిలిచేశారు, అదిగో వచ్చింది."

"తాళంచెవో?"

"కొంగున ముడేసుకున్నాను."

అంతలో ముఖ్య అతిథి అచ్యుతరామయ్య గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రిటైరైన ప్రొఫెసరు, చేతిలో నాలుగు పేజీల ఉపన్యాసం. "ప్రాణం పోసే పెట్టెకు తాళమేమిటయ్యా" అని నవ్వబోయి, అలాగే కుర్చీలోంచి పక్కకు జారి నేల మీద పడ్డారు. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు.

సూర్యనారాయణ గారి చెయ్యి తనకు తెలియకుండానే తువ్వాలు మీదికి వెళ్లింది. మళ్లీ అదే మైదానం, మళ్లీ అదే చేతకానితనం.

గేటు దగ్గర కాపలా ఉండే భీమయ్య ఉరికొచ్చి, మోకాళ్ల మీద కూలబడి, ప్రొఫెసరు గారి ఛాతీ మీద రెండు చేతులూ వేసి అదమడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు భీమయ్యా?"

"శిరీష మేడం చెప్పిందే చేస్తున్న. మూడు దినాలు తలుపుకాడ నిలబడి సూసిన సార్. లోపలికి రమ్మని ఎవ్వలనలే." లెక్క తప్పకుండా అదుముతూనే ఉన్నాడు. "మీరు అంబులెన్సుకు ఫోన్ జెయ్యుండ్రి. పెట్టె తెరువుండ్రి."

ఫోన్లో అవతలి గొంతు నిదానంగా, "సూర్యనారాయణ గారికని తార్నాకకు బండి పంపినం కదా సర్" అంది.

"నేనే సూర్యనారాయణను."

"పేషెంటే మాట్లాడుతున్నరా?"

"నేను పేషెంటును కాదమ్మా. ఆ బండిని మైదానానికి తిప్పండి." స్పీకరు వేసి ఫోన్ కింద పెట్టి, గుండెకాయంత రాయి పట్టుకుని తాళం మీద పడ్డారు. ఏనుగు తొక్కినా పగలదని దుకాణదారు చెప్పాడు. మాట తప్పలేదు. మూడో దెబ్బకు గొళ్లెమే మేకులతో సహా ఊడొచ్చింది.

మూత తీయగానే యంత్రం ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ఏమంటున్నది సార్?"

"చొక్కా తీసి బిళ్లలు అతికించమంటోంది."

బొమ్మ మీద చూసినట్టే భీమయ్య అతికించాడు.

"ఎవరూ ముట్టుకోవద్దంటోంది. మెరిసే బొత్తాం నొక్కమంటోంది."

"జరిగిన. మీరే నొక్కుండ్రి."

నొక్కారు. ప్రొఫెసరు గారు ఒక్కసారి ఎగిరిపడ్డారు. భీమయ్య మళ్లీ అదమసాగాడు. ఆ రెండు నిమిషాలు సూర్యనారాయణ గారికి ఏడాదంత పొడుగ్గా గడిచాయి. అప్పుడు అచ్యుతరామయ్య గారు మూలిగి, భీమయ్య చేతిని విసుగ్గా నెట్టేశారు.

అంబులెన్సు అప్పుడే వచ్చింది. ఇంత తొందరగా ఎలా వచ్చిందంటే, రెండు వీధుల అవతలే ఉంది కనుక. ముందు సీట్లోంచి అరుంధతి దిగింది, వెనకాల స్కూటర్ల మీద పంతొమ్మిది మంది.

"ఇదిగోండి తాళంచెవి."

ఆయన దాన్ని అందుకోలేదు. భీమయ్య భుజం పట్టుకుని అందరిముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది.

"ఊకోండి సార్, బతికిండు గదా" అన్నాడు భీమయ్య, తనూ కళ్లు తుడుచుకుంటూ.

మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి ప్రమాదం తప్పిందని కబురొచ్చింది. తర్వాతి శిక్షణకు మొదటి పేరుగా భీమయ్యది రాశారు, నేర్చుకోవడానికి కాదు, శిరీష పక్కన నిలబడి నేర్పడానికి. ఆ సాయంత్రమే సంఘం మినిట్స్ పుస్తకంలో సూర్యనారాయణ గారు ఉన్నదున్నట్టు నమోదు చేశారు: శ్రీ అచ్యుతరామయ్య గారి చేతుల మీదుగా జరగవలసిన ప్రారంభోత్సవం, వారి ఛాతీ మీదుగా జరిగినది.